పట్టాకు ముందు పంటచేను

వ్యవసాయశాస్త్రంలో పట్టా పుచ్చుకోబోయే విద్యార్థి చివరి ఏడాది కొన్ని వారాలు రైతు వెంట నడవాలి. ఆ వారాలలో ఎవరు ఎవరికి గురువు?

వరిచేలో పాఠానికి గంట కొట్టరు. కాలువకు నీరు వచ్చిందన్న కబురే అక్కడ గంట. ఆ కబురు తెల్లవారుజామున రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. రైతు పార భుజాన వేసుకుని గట్టు మీద చరచరా నడుస్తాడు. అతని వెనుక, జారే గట్టు మీద ఆచితూచి అడుగులు వేస్తూ, వ్యవసాయ కళాశాల విద్యార్థి నడుస్తాడు. మూడేళ్ళపాటు నేలను గురించి, నీటిని గురించి, విత్తనాన్ని గురించి, చీడపీడలను గురించి చదివి, పరీక్షలు వ్రాసి, మార్కులు తెచ్చుకున్న ఆ విద్యార్థికి ఇప్పుడు పిక్కల లోతు బురదలో మళ్ళీ ఒకటవ తరగతి మొదలవుతుంది.

కళాశాల కాగితాలలో దీనికి ఒక పొడవైన పేరున్నది: గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలను కలిపి విద్యార్థులు 'రావెప్' అంటారు. నాలుగేళ్ళ బి.యస్‌సి. వ్యవసాయ కోర్సులో ఇది చివరి ఏడాది వస్తుంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి నియమించిన ఐదవ డీన్ల సంఘం దీనికి 20 వారాల ప్రణాళికను నిర్దేశించింది. మొదటి వారం పరిచయ శిక్షణ. తరువాత 8 వారాలు గ్రామంలో రైతు వద్ద. 5 వారాలు విశ్వవిద్యాలయపు విభాగాలలోనో, పరిశోధనా స్థానంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో. 2 వారాలు మొక్కల వైద్యశాలలో. 3 వారాలు వ్యవసాయాధారిత పరిశ్రమలో. చివరి వారం నివేదిక వ్రాయడానికి. ఈ ఇరవై వారాలలో గ్రామంలో గడిపే ఎనిమిది వారాలే కార్యక్రమానికి ప్రాణం.

వైద్యవిద్యతో పోల్చి చూస్తే దీని అవసరం తేలికగా బోధపడుతుంది. పుస్తకాలన్నీ చదివి పరీక్షలన్నీ గట్టెక్కిన వైద్య విద్యార్థి ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా ఆసుపత్రిలో రాత్రింబగళ్ళు పనిచేస్తేగాని స్వయంగా మందుచీటీ వ్రాయడానికి అర్హుడు కాడు. పైరుకు మందు వ్రాసేవాడికి మాత్రం ఆ నియమం అక్కరలేదా? రోగి తనకెక్కడ నొప్పిగా ఉన్నదో చెప్పగలడు. పైరు చెప్పలేదు. దాని తరఫున చెప్పగలిగినవాడు రైతు ఒక్కడే.

ఆలోచన పాతదే

చదువును పొలంలోకి దింపాలన్న ఆలోచన ఈనాటిది కాదు. సామ్ హిగిన్‌బాటమ్ 1910లో అలహాబాదు వద్ద యమునా తీరాన వ్యవసాయ విద్యాసంస్థను స్థాపించినప్పుడు, నాగలి పట్టడం చదువుకున్నవాడికి తగని పని అన్న భావాన్ని పోగొట్టడం ఆయన ముందున్న పెద్ద సమస్య. 1922లో రవీంద్రనాథ టాగూరు లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ తోడ్పాటుతో శాంతినికేతనం పక్కనే సురుల్ గ్రామంలో గ్రామ పునర్నిర్మాణ సంస్థను ప్రారంభించారు. అదే తరువాత శ్రీనికేతనమయింది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానానికి చేతిపనే కేంద్రం.

స్వాతంత్ర్యం తరువాత 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలన్నది. అమెరికాలో 1862 నాటి చట్టం ద్వారా, ప్రభుత్వం ఇచ్చిన భూముల అండతో వెలసిన కళాశాలలు బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులనూ ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. ఆ నమూనాలోనే 1960 నవంబరులో పంత్‌నగర్‌లో మన దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. హిమాలయ పాదాల వద్ద తరాయి నేలలో వేల ఎకరాల సేద్యక్షేత్రం దానికి తోడుగా ఉన్నది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికంటె ముందే, 1945 నుంచే, బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉన్నది. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆచార్య రంగా పేరిట ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఆచార్య జయశంకర్ పేరిట తెలంగాణలోనూ వేర్వేరు విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి.

ఇన్ని సంస్థలు వెలసినా ఒక వెలితి మిగిలిపోయింది. విశ్వవిద్యాలయపు పొలం ఎంత పెద్దదైనా అది రైతు పొలం కాదు. అక్కడ పంట పోతే జీతం ఆగదు, అప్పు పెరగదు, పెళ్ళి వాయిదా పడదు. ఆ వెలితిని పూరించడానికే 1992లో రంధావా సంఘం ఈ గ్రామీణ పని అనుభవాన్ని పట్టా చదువులో భాగం చేయాలని సిఫారసు చేసింది. 2015 జూలై 25న పాట్నాలో ప్రధానమంత్రి 'స్టూడెంట్ రెడీ' అనే పథకాన్ని ప్రకటించినప్పుడు ఇది అందులో ఒక అంగమయింది.

చేతికి అంటే పాఠాలు

విత్తనంతో మొదలుపెడదాం. సాంద్రత అంటే ఏమిటో పాఠశాలలోనే చదువుకుంటాం. రైతు ఇంటి వాకిట్లో అది ఒక తొట్టి, కొంత ఉప్పు, ఒక కోడిగుడ్డు. గుడ్డు పైకి తేలేటంతగా నీటిలో ఉప్పు కలిపి విత్తనాలు పోస్తే తాలు గింజలు, సగం నిండినవి పైకి తేలతాయి. మునిగినవాటిని మంచినీటితో కడిగి నారుకు వాడతారు. పరికరమేదీ అక్కరలేని ఈ పరీక్ష చేసి చూపిన విద్యార్థికి ఆ ఇంట కొంత గౌరవం దక్కుతుంది.

గౌరవాన్ని నిలబెట్టేది లెక్క. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి. అంటే కిలోకు 66 వేల గింజలు. ఎకరానికి 20 కిలోలు పోస్తే 13 లక్షల గింజలు. వరుసకు వరుసకు మధ్య 20 సెంటీమీటర్లు, దుబ్బుకు దుబ్బుకు మధ్య 15 సెంటీమీటర్లు ఉండేలా నాటితే చదరపు మీటరుకు 33 దుబ్బులు పడతాయి. ఎకరాకు దాదాపు లక్షా ముప్ఫైనాలుగు వేలు. దుబ్బుకు మూడు మొక్కల చొప్పున వేసినా నాలుగు లక్షల మొక్కలు చాలు. మిగతా తొమ్మిది లక్షల గింజలు ఏమైనట్లు? ఈ ప్రశ్న వేసుకున్న రోజున విద్యార్థికి నారుమడి విలువ తెలుస్తుంది. మొలవనివి కొన్ని, పిట్టలు తిన్నవి కొన్ని, ఒత్తుగా పోయడం వల్ల సన్నబడి పనికిరాకుండా పోయినవి చాలా.

నాట్లనాడు గురుస్థానం మారుతుంది. నారు కట్ట చేతబట్టి స్త్రీలు వరుసగా వంగి వెనక్కి నడుస్తూ నాటుతారు. విద్యార్థిని కూడా వారితోపాటు మడిలోకి దిగుతుంది. గంట గడిచేసరికి నడుము పట్టేస్తుంది, వరుస వంకరపోతుంది. "పైపైన గుచ్చు తల్లీ, లోతుగా పాతితే పిలక రాదు" అంటుంది పక్కన ఉన్న పెద్దామె. రెండు మూడు సెంటీమీటర్ల లోతులో నాటితేనే పిలకలు బాగా వస్తాయని విద్యార్థిని పుస్తకంలో చదివే ఉంటుంది. ఆ పెద్దామె స్కేలు పట్టి ఎరుగదు. కాని ఆ రెండు సెంటీమీటర్లు ఆమె బొటనవ్రేలిలో ఉన్నాయి.

ఇక కాలిబాటల సంగతి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా బాట వదలాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. రైతుకు ఇది మింగుడుపడదు. "భూమికి కౌలు కడుతున్నది నేను. ఖాళీగా వదలమంటావేం?" అంటాడు. లెక్కకు అతడు చెప్పినది నిజమే. పదకొండవ వంతు నేల ఖాళీ పోతుంది. అయితే బాట పక్క దుబ్బులకు వెలుతురు ఎక్కువ తగిలి అవి బలంగా కంకి వేస్తాయి. గాలి ఆడితే దుబ్బు మొదట్లో చేరే సుడిదోమ ఉధృతి తగ్గుతుంది. మందు చల్లడానికి దారి దొరుకుతుంది. ఈ మూడు మాటలను వాదనగా చెబితే రైతు వినడు. ఒక మడిలో బాట వదిలి, పక్క మడిలో వదలక, రెండింటినీ పక్కపక్కన చూపితే వింటాడు. వ్యవసాయ విస్తరణ అనే శాస్త్రానికంతటికీ మూలసూత్రం అదే.

దోమను గుర్తించడం మరొక పాఠం. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే ఉంటుంది. దోమ ఆకుల మీద ఉండదు. నీటికి పైన, దుబ్బు మొదట్లో, నీడలో ఉంటుంది. చేలోకి దిగి, వంగి, దుబ్బును పక్కకు వంచి తట్టి చూడాలి. నీటిమీద రాలిన పురుగులలో దోమలు ఎన్ని, వాటిని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ఎన్ని అని లెక్కపెట్టాలి. మిత్రపురుగుల లెక్క తెలియనివాడు భయంతో మందు కొడతాడు. కొన్ని మందులు శత్రువుకంటె ముందు మిత్రులను చంపి దోమను మరింత పెంచుతాయి. ఇండొనేషియా ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నది. 1986లో ఆ దేశాధ్యక్షుడు వరి మీద వాడే 57 పురుగుమందులను నిషేధించవలసి వచ్చింది. 1989లో అక్కడే, రైతులు వారం వారం చేలో కూర్చుని పురుగులను లెక్కించి తామే నిర్ణయానికి వచ్చే క్షేత్రపాఠశాలలు మొదలయ్యాయి. ఆ పద్ధతి ఆసియా అంతటా వ్యాపించింది. మన ఆంధ్రదేశంలో దానికి 'పొలంబడి' అని చక్కని పేరు పెట్టుకున్నాం.

తూకం దగ్గర

కోతల వేళ వరకు ఉండగలిగిన విద్యార్థికి రెండు గొప్ప పాఠాలు దొరుకుతాయి. మొదటిది దిగుబడి అంచనా. చేలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చతురస్రాన్ని తాడు కట్టి గుర్తించి, అందులోని పంటను మాత్రమే కోసి, నూర్చి, తూచుతారు. ఆ చతురస్రం ఎక్కడ ఉండాలన్నది మన ఇష్టం కాదు. కన్ను సహజంగా బాగున్నచోటికే పోతుంది కాబట్టి యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పిన చోటనే గుర్తించాలి. 1940లలో సుఖాత్మే, పాన్సే అనే గణాంక శాస్త్రజ్ఞులు మన దేశంలో స్థిరపరచిన పద్ధతి ఇది. ఆ పాతిక చదరపు మీటర్లలో 15 కిలోల ధాన్యం వచ్చిందనుకుందాం. ఎకరాకు 2428 కిలోలు. డెల్టా రైతు భాషలో 75 కిలోల బస్తాలు ముప్ఫైరెండు, పైన కొసరు. ప్రధానమంత్రి పంటల బీమా పథకంలో నష్టపరిహారానికి ఇటువంటి కోతలే ఆధారమన్న సంగతి తెలిసినప్పుడు, ఆ తాడు ఎక్కడ కడతారన్నది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

రెండవది తేమ. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం వరకే తేమను అనుమతిస్తారు. యంత్రంతో కోసిన ధాన్యంలో 22 శాతం ఉండడం మామూలు. ఆరబోయాలి. ఆరబోస్తే బరువు ఎంత తగ్గుతుంది? తేమ 5 శాతం తగ్గుతుంది కాబట్టి బరువూ 5 శాతమే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క అలా నడవదు. 75 కిలోల బస్తాలో 22 శాతం నీరు పోగా అసలు పదార్థం 58.5 కిలోలు. అది 83 శాతం కావాలంటే బస్తా బరువు 70.5 కిలోలకు దిగాలి. తరుగు నాలుగున్నర కిలోలు, అంటే 6 శాతం. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. ఆ ధర ప్రకారం నాలుగున్నర కిలోలంటే నూరు రూపాయల పైమాటే. ఈ లెక్క చేతిలో ఉన్న రైతు, తేమ పేరు చెప్పి బస్తాకు ఎనిమిది కిలోలు తరుగు తీస్తామనే వ్యాపారితో మాట్లాడగలడు. కళాశాల చదువు నేరుగా రైతు జేబులోకి వెళ్ళే క్షణం ఇటువంటిదే.

పుస్తకం భాష, పొలం భాష

అనువాదం వృత్తిగా పెట్టుకున్న నాబోటివారికి ఈ కార్యక్రమంలో మరింత ఆసక్తి కలిగించే అంశం ఒకటున్నది. వ్యవసాయ విద్యార్థి చదివే పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. రైతు జీవితమంతా తెలుగులో ఉంటుంది. ఆ ఎనిమిది వారాలూ విద్యార్థి చేసే పనిలో సగం అనువాదమే.

ఇంగ్లీషు పుస్తకంలో వరి ఎదుగుదలకు పది దశలు పేర్కొంటే, వాటికి దీటైన మాటలు రైతు దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి. నారు, మూన తిరగడం, దుబ్బు కట్టడం, చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం, గింజ గట్టిపడడం. నాటిన మొక్క కొత్త వేరు తొడిగి నిలదొక్కుకునే వారం రోజులకు 'మూన తిరిగింది' అని రెండు మాటలలో చెప్పగల భాషను, శాస్త్రం తెలిసినవాడు చిన్నచూపు చూడడానికి వీలులేదు. అగ్గితెగులు, పొడతెగులు, ఎండాకు తెగులు, తెల్లకంకి అన్న పేర్లలో రోగలక్షణం ఇమిడే ఉన్నది. పేరు వింటేనే ఏమి వెతకాలో తెలుస్తుంది.

అయితే పొలం భాషకు కూడా హద్దులున్నాయి. చాలాచోట్ల చేను ఎర్రబడితే 'తెగులు సోకింది' అనే ఒక్క మాటే వినవస్తుంది. ఎర్రబడడానికి జింకు లోపం కారణం కావచ్చు, నీరు కదలకుండా నిలవ ఉండడం కారణం కావచ్చు, నిజంగానే తెగులు కావచ్చు. మూడింటికీ మూడు వేర్వేరు చికిత్సలు. ఇక్కడ పుస్తకం అవసరం. వేరు పీకి రంగు చూడడం, మచ్చ ముదురాకు మీద ఉన్నదా లేతాకు మీద ఉన్నదా అని పరిశీలించడం పుస్తకం నేర్పిన విద్య. రైతు మాటలోని సూక్ష్మాన్ని, పుస్తకం మాటలోని విభజనను కలిపి పట్టుకున్న విద్యార్థే మంచి సలహాదారు కాగలడు. రెండింటిలో ఏది లోపించినా సలహా కుంటుతుంది.

రైతు లెక్క

గ్రామంలో ఉన్నన్నాళ్ళు విద్యార్థులు ఇంటింటికీ తిరిగి సమాచారం సేకరించాలి, సేద్యపు ఖర్చు లెక్క కట్టాలి. తరగతిలో వారు వ్యవసాయ వ్యయం, ధరల కమిషన్ వాడే సూత్రాలు నేర్చుకుని ఉంటారు: చేతి నుంచి పెట్టిన ఖర్చు ఒక పద్దు, దానికి ఇంటిల్లిపాదీ చేసిన పని విలువ కలిపితే మరొక పద్దు, సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ఇంకొక పద్దు. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఈ పద్దులు నింపేటప్పుడు ఒక దగ్గర కలం ఆగుతుంది. "మీ ఇంటావిడ ఎన్ని రోజులు పనిచేశారు బాబాయ్?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఆమె పనికి ఎవరూ రోజులు లెక్కపెట్టి ఉండరు. కౌలు రైతు ఇంట్లో మరొక చోట ఆగుతుంది: ముందుగా చెల్లించవలసిన కౌలు బస్తాలు పోగా మిగిలేది ఎంత? ఆ మిగిలిన దానిలోనుంచి ఎరువుల దుకాణం అరువు, వడ్డీ తీసివేస్తే? పుస్తకంలో లాభం అని వ్రాసి ఉన్న గడిలో ఇక్కడ తరచు తీసివేత గుర్తు పడుతుంది.

ఈ లెక్క చూసిన తరువాత విద్యార్థి సలహా ఇచ్చే తీరు మారుతుంది. ఒక మందు పిచికారీ చేయమని చెప్పడం తేలిక. ఆ డబ్బా ధర, ఇద్దరు మనుషుల కూలి, ఆ రోజు పోయిన పని కలిపి ఎకరాకు ఎంతవుతుందో, ఆ మందు వల్ల దక్కే ధాన్యం అంతకంటె ఎక్కువో కాదో ఆలోచించి చెప్పడం కష్టం. రైతులు ఎదుటివాడిని తూచడానికి వాడే ప్రశ్న ఒకటున్నది: "నువ్వయితే ఏం చేస్తావు బాబూ?" దీనికి సమాధానం ఏ పాఠ్యగ్రంథంలోనూ ఉండదు. సలహా తప్పయితే విద్యార్థికి పోయేది నాలుగు మార్కులు. రైతుకు పోయేది ఒక కారు. ఆ తేడా తెలిసి మాట్లాడడమే వృత్తిధర్మం.

లోటుపాట్లు

ఈ కార్యక్రమం ఎంత మంచిదైనా దానిలో లోపాలు లేకపోలేదు. మొదటిది కాలం. సాంబ మసూరి పంటకాలం దాదాపు 150 రోజులు. తొందరగా కోతకు వచ్చే కాటన్‌దొర సన్నాలుకు కూడా 120 రోజులు కావాలి. ఎనిమిది వారాలంటే 56 రోజులు. నారు పోయడం చూసినవాడు కోత చూడడు. సలహా ఇచ్చినవాడు ఫలితం చూడడు. వైద్యుడు మందు ఇచ్చి, రోగి కోలుకున్నాడో లేదో తెలుసుకోకుండానే ఊరు మారినట్లు ఉంటుంది. వరుసగా ఎనిమిది వారాలు కాకుండా, అవే రోజులను నారు, నాటు, పొట్ట, కోత అనే నాలుగు దఫాలుగా విడదీసి అదే రైతు వద్దకు నాలుగుసార్లు పంపితే ప్రయోజనం రెట్టింపవుతుంది. కళాశాల కాలపట్టికకు ఇది ఇబ్బందే. కాని కాలపట్టికకు అనుగుణంగా వరి ఈనదు గదా!

రెండవది రైతు ఎంపిక. రోడ్డు పక్కన ఇల్లు, బోరు, ట్రాక్టరు, తీరిక ఉన్న పెద్ద రైతును ఎంచుకోవడం అందరికీ సౌకర్యం. అయితే 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో 86 శాతం రెండు హెక్టార్లకు లోపువే. చిన్న రైతు, కౌలు రైతు వద్ద పనిచేయని విద్యార్థి, దేశంలోని సేద్యాన్ని చూసినట్లు కాదు.

మూడవది రికార్డు. రోజుకొక పేజీ నింపాలన్న నియమం మంచిదే. కాని పేజీ నింపడమే పని అయినప్పుడు, గత ఏటి విద్యార్థుల రికార్డు చేతులు మారుతుంది. వర్షం పడని రోజున కూడా వర్షపాతం నమోదవుతుంది. అధ్యాపకుడు హఠాత్తుగా గ్రామానికి వచ్చి, రికార్డు పక్కన పెట్టి, "పద, నీ రైతు చేను చూపించు" అంటే చాలు. ఎవరు పని నేర్చుకున్నారో పది నిమిషాలలో తేలిపోతుంది.

ఆడపిల్లల వసతి విషయం నాలుగవది. వ్యవసాయ కళాశాలల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. గ్రామంలో వారికి సురక్షితమైన బస, మరుగుదొడ్డి ఏర్పాటు చేయకుండా పంపడం భావ్యం కాదు. అలాగని వారిని పట్నంలో ఉంచి పగటిపూట మాత్రమే బస్సులో తిప్పడమూ సరికాదు. నాట్లు, కలుపు, నూర్పిడి పనుల్లో ఎక్కువ భాగం చేసే స్త్రీలతో మనసు విప్పి మాట్లాడగలిగేది ఆ అమ్మాయిలే.

ఇక రైతుకు ఏమిటి లాభం? రెడీ పథకంలో విద్యార్థికి నెలకు 3000 రూపాయల భృతి నిర్ణయించారు. విద్యార్థి అడిగిన ప్రతి ప్రశ్నకూ పని ఆపి జవాబు చెప్పే రైతుకు దక్కేది కృతజ్ఞతాపత్రం. ఎక్కువమంది రైతులు దీనిని పట్టించుకోరు. ఇంటికి వచ్చిన పిల్లలకు అన్నం పెట్టినందుకు లెక్క అడగడం మన ఊళ్ళలో మర్యాద కాదు. కాని మర్యాద మీదనే ఒక విద్యావిధానాన్ని నడపడం న్యాయమా అన్నది ఆలోచించవలసిన విషయం. కనీసం ఆ రైతు పొలం మట్టిని పరీక్ష చేయించి ఫలితాన్ని తెలుగులో వ్రాసి ఇవ్వడం, మంచి విత్తనం ఒక సంచి అందేలా చూడడం విశ్వవిద్యాలయానికి భారం కాబోదు.

పట్టా తరువాత

వ్యవసాయ పట్టభద్రులలో స్వయంగా సేద్యం చేసేవారు తక్కువ. కొందరు పైచదువులకు వెళతారు. కొందరు బ్యాంకులలో వ్యవసాయాధికారులవుతారు, కొందరు విత్తన సంస్థలలో చేరతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు గ్రామస్థాయిలోనే వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు వచ్చాయి. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి ఉండాలన్న ప్రమాణం పెట్టుకున్నారు. కాబట్టి ఈనాటి విద్యార్థి రేపు కొన్ని వందల కుటుంబాల సేద్యాన్ని ప్రభావితం చేసే కుర్చీలో కూర్చునే అవకాశం ఎప్పటికంటె ఎక్కువ.

అయినా రైతుకు అందరికంటె చేరువలో ఉన్న సలహాదారు నేటికీ ఎరువులు, పురుగుమందుల దుకాణదారే. అరువు ఇచ్చేది అతడే, మందు పేరు చెప్పేది అతడే. ఈ వాస్తవాన్ని గుర్తించే హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ఆ వ్యాపారులకోసం ఒక డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది. 2015లో కేంద్రప్రభుత్వం పురుగుమందుల వ్యాపారానికి విద్యార్హతలను నిబంధనలలో చేర్చింది. మంచి మార్పే. కాని అమ్మకంలో లాభం ఉన్నవాడి సలహాకు, ఏ లాభమూ లేనివాడి సలహాకు తేడా ఉంటుంది. ఆ రెండవ రకం మనిషిని ఊరికి పరిచయం చేయడమే ఈ ఎనిమిది వారాల అసలు ప్రయోజనం.

అందుచేత ఈ కార్యక్రమం సఫలమయిందో లేదో తెలుసుకోవడానికి రికార్డులు, మార్కుల పట్టికలు చాలవు. విద్యార్థి పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు. మరుసటి ఏడు వానలు పడతాయి, నాట్లు పూర్తవుతాయి, భాద్రపదంలో ఒక ఉదయం చేను నడుమ ఆకు రంగు మారుతుంది. రైతు గట్టు మీద నిలబడి జేబులోనుంచి ఫోను తీస్తాడు. అప్పుడు అతడు పిలిచేది దుకాణదారునా, నిరుడు తన వెంట బురదలో నడిచిన ఆ కుర్రవాడినా? ఆ జవాబుకు ఏ విశ్వవిద్యాలయమూ మార్కులు వేయలేదు. ఆ కుర్రవాడి చదువుకు వెలకట్టేది మాత్రం అదే.